పైవాళ్లకి పన్ను తగ్గిస్తే మా నాలా పని ఎందుకు ఆగాలి? అమెరికాలో జరిగేదీ ఇదేనా?

స్వాతి_నాలాపక్క:

అందరికీ నమస్తే. మా అన్నయ్య అమెరికాలో ఉంటాడు. మొన్న ఫోన్లో మాట్లాడుతుంటే, వాళ్ల ఊళ్లో లైబ్రరీ ఆదివారాలు మూసేస్తున్నారని, ఎండాకాలం సెలవుల్లో పిల్లలకి పెట్టే ప్రోగ్రామ్ కూడా తీసేశారని, పైగా ఇంటి పన్ను పెంచారని చెప్పాడు. వాషింగ్టన్‌లో కోటీశ్వరులకి పన్నులు తగ్గించారు, ఆ భారం మా ఊరి మీద పడుతోంది అంటాడు. నాకు ఆ లింకు సరిగ్గా అర్థం కాలేదు. కేంద్రం తీసుకునే ఇన్‌కమ్ ట్యాక్స్ వేరు, ఊరు తీసుకునే ఇంటి పన్ను వేరు కదా, అక్కడ తగ్గితే ఇక్కడ ఎందుకు పెరగాలి?

ఇక మన సంగతి. మేము హైదరాబాద్ సిటీలో ఒక నాలా పక్కన ఉంటాం. 2020 అక్టోబర్ వానలకి మా గ్రౌండ్ ఫ్లోర్‌లో మోకాళ్ల పైదాకా నీళ్లొచ్చాయి, ఫ్రిజ్ నీళ్లలో తేలింది, అమ్మ బీపీ మందులతో సహా అన్నీ పోయాయి. ఆ తర్వాత చాలా తిరిగితే నాలాకి గోడ శాంక్షన్ అయింది. సగం కట్టి ఆపేశారు. ఇనుప చువ్వలు పైకి లేచి తుప్పు పట్టి ఉన్నాయి, పిల్లలు ఆ పక్కనే క్రికెట్ ఆడతారు, చూస్తేనే టెన్షన్. పని చేసే మేస్త్రీని అడిగితే "బిల్లులు రావట్లేదమ్మా, సార్ కూలీలను వేరే సైటుకి పంపేశారు" అన్నాడు. ఆఫీసుకి వెళ్తే ఫండ్స్ లేవన్న మాట తప్ప ఇంకోటి రాదు.

2019లో కంపెనీలకి పన్ను బాగా తగ్గించారు, అంతకు ముందు వెల్త్ ట్యాక్స్ (బాగా ఆస్తులున్నవాళ్ల మీద పన్ను) మొత్తానికే ఎత్తేశారు. దానికీ మా గోడకీ ఏమన్నా సంబంధం ఉందా, లేక రెండు వేరే విషయాలని నేను ముడిపెడుతున్నానా? పార్టీల గొడవ వద్దు ప్లీజ్, లెక్క తెలిసినవాళ్లు చెప్పండి.


రిటైర్డ్_అకౌంట్స్:

అమ్మా స్వాతీ, సంబంధం ఉంది. నేరుగా కాదు, మెట్లు మెట్లుగా ఉంది. నేను వేరే జిల్లాలో మున్సిపల్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యాను, నాకు తెలిసినంత చెప్తాను.

కేంద్రం వసూలు చేసే ఇన్‌కమ్ ట్యాక్స్, కంపెనీల పన్ను, జీఎస్టీలో కేంద్రం వాటా, ఇవన్నీ కేంద్రం ఒక్కదానివే కావు. వాటిలో రాష్ట్రాలకి వాటా ఉంది. ఆ వాటా ఎంతో తేల్చే 14వ ఆర్థిక సంఘం లెక్కలో అది 42 శాతం, 15వ సంఘం లెక్కలో 41 శాతం. ఆ రాష్ట్రాల వాటాలో తెలంగాణకి వచ్చేది 2019లో 2.437 శాతం, ఆ తర్వాత 2.102కి తగ్గింది.

ఇప్పుడు 2019 సెప్టెంబర్ 20 చూడండి. కంపెనీల పన్ను 30 శాతం నుంచి 22కి, కొత్తగా పెట్టే ఫ్యాక్టరీలకి 15కి తగ్గించారు. దీనివల్ల ఏడాదికి 1.45 లక్షల కోట్ల ఆదాయం వదులుకుంటున్నామని ఆ రోజు ప్రభుత్వమే ప్రకటించింది. ఆ రోజు సెన్సెక్స్ 1,900 పాయింట్లకు పైగా ఎగిరింది, టీవీల నిండా పండగే. కానీ ఆ వదులుకున్న డబ్బులో 42 శాతం కేంద్రానిది కాదు కదమ్మా. 1.45 లక్షల కోట్లలో 42 శాతం అంటే దాదాపు 61 వేల కోట్లు, అందులో మన వాటా 2.437 శాతం, అంటే సుమారు 1,480 కోట్లు. ఇది చేతి లెక్క, సర్‌ఛార్జీ అదీ పక్కన పెట్టి వేసింది, అటూ ఇటూ ఉంటుంది. అయినా ఆ సంఖ్య ఎంత పెద్దదో తెలియాలంటే, 2024-25లో జీహెచ్ఎంసీ సిటీ అంతటా తిరిగి వసూలు చేసిన ఆస్తి పన్ను 2 వేల కోట్లు దాటిందని గొప్పగా చెప్పుకున్నారు, దాని పక్కన పెట్టి చూడండి.

ఒక మెట్టు అది. రెండో మెట్టు సెస్సులు, సర్‌ఛార్జీలు, అంటే పన్ను మీద అదనంగా వేసేవి. వీటిలో రాష్ట్రాలకి పైసా వాటా లేదు, రాజ్యాంగం 270వ అధికరణంలోనే అలా ఉంది. కేంద్రం మొత్తం పన్నుల్లో వీటి భాగం 2011-12లో పదో వంతు ఉంటే 2020-21కి ఐదో వంతు అయింది. పెట్రోల్ చూడండి, 2022 మేలో తగ్గించిన తర్వాత కూడా లీటర్‌కి కేంద్ర సుంకం 19 రూపాయల 90 పైసలు ఉండేది, అందులో రాష్ట్రాలతో పంచుకునేది 1 రూపాయి 40 పైసలే. మిగతా పద్దెనిమిదిన్నర మొత్తం సెస్సు, స్పెషల్ సుంకం పేరుతో కేంద్రం దగ్గరే ఉండిపోయేది. పంచుకోవాల్సిన పన్ను తగ్గించారు, పంచుకోనక్కర్లేనిది పెంచారు. మొదటిది కట్టేది కంపెనీలు, రెండోది కట్టేది స్కూటర్ మీద ఆఫీసుకి పోయేవాడు. నాకు ఇందులో బాధ కలిగించేది ఇదే.

మూడో మెట్టు రాష్ట్రం. దానికి జీతాలు, పెన్షన్లు, అప్పుల వడ్డీలు, పథకాలు ఉన్నాయి, ఏదీ ఆపలేదు. ఆపగలిగింది ఒక్కటే, కార్పొరేషన్లకి ఇవ్వాల్సినది. మీరు ఫ్లాట్ రిజిస్టర్ చేయించుకుంటే కట్టే దాంట్లో 1.5 శాతం ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఉంటుంది, అది ఊరికి చేరాల్సిన డబ్బు. వసూలు చేసేది మాత్రం రాష్ట్రం, అక్కడి నుంచి ఎప్పుడు వస్తే అప్పుడే. మీ జీతం స్లిప్పులో నెలకి 200 ప్రొఫెషనల్ ట్యాక్స్ పోతుంది చూడండి, అదీ రాష్ట్రం ఖజానాకే. హైటెక్ సిటీలో లక్షల మంది జీతగాళ్లు తిరిగే రోడ్డు వేసేది ఊరు, వాళ్ల దగ్గర తీసుకునేది పైవాళ్లు.

నాలుగో మెట్టు కార్పొరేషన్. దాని కింద ఇంక ఎవరూ లేరు. జీతాలు ఆపితే రెండో రోజే చెత్త పేరుకుపోతుంది. అందుకని ఆపేది కాంట్రాక్టర్ బిల్లు. మీ గోడ అక్కడ ఆగింది. మీ ఒక్క బిల్లు ఏ కారణంతో ఆగిందో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను, ఫండ్స్ లేవన్న మాట ఎక్కడి నుంచి మొదలై మీ దాకా వస్తుందో అది మాత్రం ఇదే.


న్యూజెర్సీ_తెలుగు:

స్వాతీ, మీ అన్నయ్య చెప్పింది సరైనదే. ఇక్కడ ఉన్నవాడిగా అమెరికా వైపు నేను రాస్తాను.

మొదట తెలుసుకోవాల్సింది, ఇక్కడ ఫెడరల్ ప్రభుత్వం, అంటే కేంద్రం, లోటు బడ్జెట్ వేసి ఎంతైనా అప్పు చేయొచ్చు, ఊళ్లు అలా చేయలేవు. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ, ఊళ్లలోనూ రోజువారీ ఖర్చుకి ఆదాయం, వ్యయం సరిపోవాలని చట్టమే ఉంది. వంతెన కట్టడానికి బాండ్లు (అప్పు పత్రాలు) వేయొచ్చు గానీ లైబ్రేరియన్ జీతానికి వేయకూడదు. కాబట్టి పైన తగ్గిన రూపాయి పైన అప్పు కింద మారుతుంది, కింద మాత్రం వెంటనే కోత అవుతుంది.

2017 డిసెంబర్‌లో ట్రంప్ మొదటి చట్టంలో కార్పొరేట్ పన్ను 35 నుంచి 21కి వచ్చింది, వ్యక్తుల మీద పై స్లాబు 39.6 నుంచి 37కి. 2025 జూలై 4న సంతకం పెట్టిన చట్టంతో వ్యక్తుల పన్ను తగ్గింపులు చాలావరకు శాశ్వతమయ్యాయి, వారసత్వ ఆస్తిలో మనిషికి కోటిన్నర డాలర్ల దాకా పన్నే లేదు. పదేళ్లలో దీనివల్ల లోటు 3.4 లక్షల కోట్ల డాలర్లు పెరుగుతుందని ఇక్కడి పార్లమెంటు (దాన్ని కాంగ్రెస్ అంటారు) బడ్జెట్ ఆఫీసు లెక్కేసింది. అదే ఆఫీసు ఇంకోటి కూడా చెప్పింది. అట్టడుగు పది శాతం కుటుంబాలు సగటున ఏడాదికి 1,200 డాలర్లు నష్టపోతాయి, పైనున్న పది శాతానికి 13,600 డాలర్లు కలిసొస్తాయి. ఆ సంఖ్యలు చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా వీధి చివర స్కూల్లో మధ్యాహ్నం ఉచిత భోజనం మీదే బతికే పిల్లలున్నారు.

ఊరికి ఇది ఎలా చేరుతుందంటే, చాలా రాష్ట్రాలు తమ ఇన్‌కమ్ ట్యాక్స్‌ని ఫెడరల్ లెక్క మీదే కడతాయి. ఫెడరల్ ఫారంలో ఆదాయం తక్కువ చూపించే వీలు కల్పిస్తే రాష్ట్రం పన్ను కూడా దానంతట అదే తగ్గిపోతుంది, అసెంబ్లీలో ఎవరూ ఓటు వేయకుండానే. కొలరాడో అయితే ఆ చట్టం వల్ల తమ ఆదాయానికి పడ్డ గండి పూడ్చుకోవడానికి 2025 ఆగస్టులో ప్రత్యేక సమావేశం పెట్టుకోవాల్సి వచ్చింది. ఇంకోటి, పేదలకి తిండి సరుకుల సాయమిచ్చే ఫుడ్ స్టాంపుల పథకం నడిపే ఆఫీసు ఖర్చు 2026 సెప్టెంబర్ దాకా ఫెడరల్, రాష్ట్రం సగం సగం. 2026 అక్టోబర్ నుంచి రాష్ట్రం భాగం 75 శాతం, ఆ తర్వాతి ఏడాది నుంచి చాలా రాష్ట్రాలు సాయం డబ్బులో కూడా కొంత పెట్టుకోవాలి. పేదల వైద్యానికి ఇచ్చే మెడికెయిడ్‌లో కోతలు వేరే. రాష్ట్రం ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తుంది? కౌంటీలకి (జిల్లాల్లాంటివి), ఊళ్లకి, స్కూళ్లకి ఇచ్చే దాంట్లోంచే.

పోనీ ఊరు సొంతంగా పెంచుకుందామంటే దాని చేతిలో ఉన్నది ముఖ్యంగా ఇంటి పన్ను. ఇక్కడ స్థానిక పన్నుల ఆదాయంలో 70 శాతానికి పైగా అదే. జీతం ఎంతైనా సరే, రిటైరైన ముసలామె కూడా ఇంటి విలువ బట్టి కట్టాల్సిందే. పైగా 2017 చట్టంలో, ఫెడరల్ పన్ను లెక్కలో చూపించుకునే రాష్ట్ర, స్థానిక పన్నుల మినహాయింపుకి 10 వేల డాలర్ల పరిమితి పెట్టారు, మా న్యూజెర్సీ లాంటి చోట ఇంటి పన్నే అంత ఉంటుంది, అందుకని ఊరు ఇంకొంచెం పెంచుతానంటే జనం ఊరుకోలేదు. 2025లో దాన్ని 40 వేలు చేశారు, దాంతో బాగుపడేది ఎక్కువగా మంచి జీతం, పెద్ద ఇల్లు ఉన్నవాళ్లే.

ఇదేం కొత్త కాదు కూడా. 1972లో నిక్సన్ కాలంలో ఫెడరల్ ఆదాయంలో కొంత భాగం షరతులు పెద్దగా లేకుండా ఊళ్లకి ఇచ్చే పద్ధతి మొదలైంది. రీగన్ వచ్చాక 1981లో పై స్లాబు 70 నుంచి 50కి, 1986 చట్టంతో 28కి దించారు. ఊళ్లకి ఇచ్చే ఆ డబ్బు కూడా 1986లోనే ఆగిపోయింది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడమని మీ అన్నయ్యకి చెప్పండి.


సీఏ_హిమాయత్‌నగర్:

పైన ఇద్దరూ కష్టపడి రాశారు, గౌరవం ఉంది, కానీ 2019 కోతని ఒక్కదాన్నే నిలబెట్టి మాట్లాడటం నాకు ఒప్పుదల కాదు. కంపెనీల పన్ను వసూళ్లు 2018-19లో 6.63 లక్షల కోట్లు, కోత పడిన ఏడాది 5.57కి జారాయి, నిజమే. కానీ 2023-24కి 9.11 లక్షల కోట్లు అయ్యాయి. రేటు తగ్గినా ఆదాయం పెరిగింది. అలాగే వెల్త్ ట్యాక్స్ 2015లో తీసేసినప్పుడు దాని బదులు ఏడాది ఆదాయం కోటి దాటినవాళ్ల మీద 2 శాతం సర్‌ఛార్జీ వేశారు, ఆ పన్ను వసూలు కంటే దాని కాగితాల పని ఎక్కువ, నేను ఫైల్ చేసినవాడిని కాబట్టి చెప్తున్నా.

మన సిటీ డబ్బు సమస్యకి సగం కారణం మన సిటీలోనే ఉంది. ఇళ్లకి పన్ను లెక్కకట్టే అద్దె విలువల్ని రెండు దశాబ్దాలకు పైగా సవరించలేదు. 2016 ఎన్నికల ముందు 1,200 లోపు కట్టేవాళ్లకి 101 రూపాయలే చేశారు. ఏళ్ల తరబడి కట్టనివాళ్లకి వడ్డీలో 90 శాతం మాఫీ అని స్కీములు పెడుతుంటారు, ఏటా ఏప్రిల్‌లో ఎర్లీ బర్డ్ స్కీములో ముందే నిజాయితీగా కట్టేవాడికి వచ్చే తగ్గింపు 5 శాతం. ముందు ఇది సరిచేసుకుని ఆ తర్వాత ఢిల్లీని అడగాలి.


రిటైర్డ్_అకౌంట్స్:

సీఏ గారూ, 9.11 నిజమే. కానీ అదే 2023-24లో వ్యక్తులు కట్టిన ఇన్‌కమ్ ట్యాక్స్ 10.44 లక్షల కోట్లు. ఒకప్పుడు కంపెనీలు కట్టేది ఎక్కువ, వ్యక్తులు కట్టేది తక్కువ ఉండేది, అది తిరగబడింది. లాభాలు పెరిగాయి కాబట్టి వసూలు పెరిగింది, పాత రేటు ఉంటే ఇంకెంత వచ్చేదో అది కూడా లెక్కలో పెట్టాలి. ఇక వెల్త్ ట్యాక్స్ బదులు వచ్చిన సర్‌ఛార్జీ అన్నారు, ఆ సర్‌ఛార్జీలో రాష్ట్రాలకి వాటా లేదనే కదా నేను పైన రాసింది.

అద్దె విలువల మాట మాత్రం నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను, పైగా ఇంకొంచెం ముందుకు తీసుకెళ్తాను. పాత విలువలు అలాగే ఉంచడం వల్ల ఎక్కువ లాభపడేది ఎవరు? 101 కట్టే గుడిసె వాడికి సవరించినా పెద్ద తేడా రాదు. జూబ్లీహిల్స్‌లో వెయ్యి గజాల బంగళా ఉన్నవాడికి ఆస్తి విలువ ఇరవై రెట్లో ఇంకెంతో పెరిగి, పన్ను మాత్రం పాత లెక్కన వెళ్తుంది. ఏ బడ్జెట్ ప్రసంగంలోనూ చదవకుండా, ఏ గెజిట్‌లోనూ రాకుండా ఇచ్చిన పన్ను తగ్గింపు ఇది. న్యూజెర్సీ అబ్బాయి చెప్పిన జబ్బు మన ఊళ్లోనూ ఉందన్నమాట, ఢిల్లీలో ఒక రూపంలో, ఇక్కడ ఇంకో రూపంలో.


బోయిన్‌పల్లి_రవి:

సికింద్రాబాద్ వైపు వాళ్లకి ఇంకో విషయం తెలుసు, చెప్పకుండా ఉండలేను. రైల్వే వాళ్ల స్థలాలు, డిఫెన్స్ వాళ్ల స్థలాలు సిటీలో ఎన్ని ఎకరాలున్నాయో చూడండి. రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం కేంద్రం ఆస్తుల మీద ఊరు పన్ను వేయకూడదు. దాని బదులు సర్వీస్ ఛార్జీ ఇవ్వాలని ఉంది, అది పన్ను కంటే తక్కువే, అదీ టైముకి రావాలి కదా. వాళ్ల క్వార్టర్ల నుంచి వచ్చే మురుగు నీళ్లూ మన నాలాలోకే వస్తాయి అన్నా.


ఉప్పుగూడ_సల్మా:

పెద్ద లెక్కలు నాకు తెలీవు, కింద ఏం జరుగుతోందో చెప్తాను. మా గల్లీకి చెత్త ఆటో అన్న వస్తాడు, ఇంటికి నెలకి వంద ఇవ్వాలి. అతనికి జీతం లేదు, మేమిచ్చే దాంట్లోనే డీజిల్, ఆటో కిస్తీ, ఇల్లు నడవాలి. మా పక్క రెండు గదుల్లో కూలి పనికి పోయే కుటుంబం, వాళ్లూ వందే. బంజారాహిల్స్‌లో మూడు కార్లున్న ఇంట్లోనూ ఇంచుమించు అంతే తీసుకుంటారట. ఇవ్వలేని నెల మా పక్కింటామె రాత్రి పూట సంచి తీసుకెళ్లి మూల మీద పడేస్తుంది, పొద్దున ఆమెనే అందరూ తిడతారు. పన్నుతో జరగాల్సిన పని ఇలా తలకింత అని వసూలు చేస్తే, లేనివాళ్ల మీదే ఎక్కువ పడుతుంది. ఆమెని చూస్తే నాకు కోపం రాదు, ఏడుపొస్తుంది.


న్యూజెర్సీ_తెలుగు:

సల్మా అక్కా, ఇక్కడా అచ్చం ఇదే. పన్ను పెంచలేని ఊళ్లు చెత్తకింత, పార్కింగ్‌కింత, పిల్లల ఆటలకింత అని ఫీజులు పెంచుతూ పోతాయి. ఫీజు కట్టలేకపోతే ఫైన్, ఫైన్ కట్టలేకపోతే కోర్టు. మిస్సోరీలోని ఫెర్గూసన్ గురించి 2015లో అమెరికా న్యాయశాఖ ఇచ్చిన రిపోర్ట్ దొరికితే చదవండి, ఆ ఊరు తన ఖర్చులకి పోలీసు జరిమానాల మీద ఎలా ఆధారపడిందో, ఆ జరిమానాలు ఎక్కువగా నల్లజాతి పేదల మీద ఎలా పడ్డాయో వివరంగా ఉంటుంది.


స్వాతి_నాలాపక్క:

అందరికీ చాలా థాంక్స్, నాకు ఇప్పుడు దారి కనిపిస్తోంది. సీఏ గారూ, మీరు చెప్పింది కూడా రాసుకున్నాను, మా అపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరు నాలుగేళ్లుగా కట్టలేదు, మాఫీ స్కీము కోసం చూస్తున్నారు, వాళ్లతో మాట్లాడతాను. అకౌంట్స్ అంకుల్, ఒక్క డౌట్. మేము ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లి "ఫండ్స్ లేవట" అంటే ఆయన కూడా అదే అంటాడు. మేం ఏం అడిగితే సూటిగా జవాబు చెప్పాల్సి వస్తుంది?


రిటైర్డ్_అకౌంట్స్:

మంచి ప్రశ్నమ్మా. "ఫండ్స్ ఇవ్వండి" అని అడిగితే ఎవరైనా తప్పించుకుంటారు. డబ్బు ఏ మెట్టు మీద ఆగిందో అడగండి.

మొదటిది, ఆర్టీఐ వేయండి. మీ ప్రాంతం రిజిస్ట్రేషన్ల మీద గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో వసూలైన ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఎంత, అందులో కార్పొరేషన్‌కి పంపింది ఎంత, ఏ తేదీల్లో పంపారు. మూడూ విడివిడిగా రాయండి, "వివరాలు ఇవ్వగలరు" అని కలిపి రాస్తే పాంఫ్లెట్ పంపి చేతులు దులుపుకుంటారు. అలాగే మీ నాలా పని పేరు, అగ్రిమెంట్ నంబర్ రాసి, ఇప్పటిదాకా ఎన్ని బిల్లులు రికార్డయ్యాయి, ఎన్ని పాసయ్యాయి, ఎన్ని పెండింగ్ అని అడగండి. మెజర్‌మెంట్ బుక్ కాపీ కూడా అడగండి, అందులో మీ గోడ ఎన్ని మీటర్లు కొలిచారో ఉంటుంది, టేపు పట్టుకుని మీరే వెళ్లి సరిచూసుకోవచ్చు.

రెండోది, రాష్ట్ర ఆర్థిక సంఘం. రాజ్యాంగం 243ఐ, 243వై ప్రకారం ఐదేళ్లకోసారి అలాంటి సంఘం వేసి, రాష్ట్రం ఆదాయంలో ఊళ్లకి ఎంత వాటా ఇవ్వాలో సిఫార్సు తీసుకుని, దాని మీద ఏం చేశారో అసెంబ్లీ ముందు పెట్టాలి. ఎమ్మెల్యే గారిని ఆ సిఫార్సులు ఏంటి, ఎంతవరకు అమలయ్యాయి అని సభలో ప్రశ్న వేయమనండి. కాగితం మీద రాసి, కాలనీ వాళ్లందరూ సంతకాలు చేసి ఇవ్వండి. ఎంపీ దగ్గరికి వెళ్లేది ఉంటే సెస్సుల్లో రాష్ట్రాలకి వాటా మీద ఆయన అభిప్రాయం రాతపూర్వకంగా అడగండి.


స్వాతి_నాలాపక్క:

ఆదివారం కాలనీ మీటింగ్ ఉంది అంకుల్, అక్కడే సంతకాలు పెట్టిస్తాను. ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఆర్టీఐ రిజిస్ట్రేషన్ల శాఖకి వేయాలా, ఆర్థిక శాఖకి వేయాలా?


రిటైర్డ్_అకౌంట్స్:

రెండింటికీ వేరువేరుగా వేయండి, వసూలైన లెక్క ఒకరి దగ్గర, విడుదల లెక్క ఇంకొకరి దగ్గర ఉంటుంది. ఒకరికే వేస్తే అవతలి వాళ్లకి ట్రాన్స్‌ఫర్ చేశామని ఉత్తరం వస్తుంది, ఆ తిరుగుడులో రోజులు పోతాయి. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జత చేయండి, స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి, జవాబివ్వాల్సిన ముప్పై రోజుల గడువు ఆ తేదీ నుంచి కాదు, వాళ్లకి అందిన రోజు నుంచి లెక్క. జవాబు వచ్చాక ఇక్కడ పెట్టండి, కలిసి చదువుదాం.